ఓపెన్ షెల్ఫ్ సామాన్ల గదిలా కనిపిస్తోంది, ఏం కొంటే బాగుపడుతుంది?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా మళ్లీ చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. హాల్లో సోఫాకి ఎదురుగోడకి అయిదు అరల ఓపెన్ షెల్ఫ్ చేయించుకున్నారు. ఒక్కో అర 120 సెంటీమీటర్ల పొడవు, మధ్యలో ఆధారం లేదు. పుస్తకాలు, ఫొటోలు, ఎవరెవరో ఇచ్చిన బహుమతులు, ప్రయాణాల్లో కొన్న చిన్న చిన్న బొమ్మలు, రెండు మొక్కలు అన్నీ పెట్టారు. పెట్టాక చూస్తే సామాన్ల గదిలా ఉంది. సగం తీసేస్తే బోసిపోయింది. ఇంకేం కొంటే బాగుంటుందని అడిగారు.

ఇప్పుడేమీ కొనకండి. మీరు షెల్ఫ్ దగ్గర నిలబడి సర్దారు, దూరంగా సోఫాలో కూర్చుని చూస్తున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. అన్నీ కిందికి దించేయండి. పెద్దవి ముందు, చిన్నవి చివర పెట్టుకుంటూ, రెండు మూడు వస్తువులు పెట్టిన ప్రతిసారీ సోఫాలోకి వెళ్లి కూర్చుని చూసుకుంటూ, మొత్తం మీద మూడో వంతు చోటు ఖాళీగా వదిలి మళ్లీ సర్దండి. ఒక పూట పని. ఆ పని అయ్యాక కూడా ఏదో తక్కువైందనిపిస్తే అప్పుడు కొనొచ్చు. సాధారణంగా అనిపించదు.

ఇళ్ల లోపలి అలంకరణ పనిలో నాకు 14 ఏళ్లు నిండాయి. రంగులు, లైట్లు, కర్టెన్లు అన్నీ అయిపోయిన ఆఖరి రోజున షెల్ఫులు సర్దే పని మాత్రం నేనే పెట్టుకుంటాను, ఇంకొకరికి వదలను. అంత ఇష్టం నాకు ఈ పనంటే. అందుకే మీ ప్రశ్న చూడగానే కాస్త వివరంగా రాయాలనిపించింది.

చేతికందే దూరంలో నిలబడితే ఒక్కో వస్తువూ విడిగా కనిపిస్తుంది. ఆ చిన్న గాజు ఏనుగు ఎక్కడ కొన్నామో, దాని తొండం ఎలా ఉందో అన్నీ కంటికి ఆనతాయి. అదే మూడు మీటర్ల దూరం వెళ్తే ఏనుగు పోయి చుక్క మిగులుతుంది. అంత దూరం నుంచి కన్ను పట్టుకునేవి కొన్నే: ముదురు, లేత, పొడుగు, పొట్టి, నిండు, ఖాళీ. ఇరవై చిన్న వస్తువులు ఒక్కోటీ ఎంత ముచ్చటగా ఉన్నా, సోఫాలోంచి చూస్తే ఇరవై చుక్కలే. మీకు గజిబిజిగా అనిపిస్తున్నది అదే. సగం తీసేసినా బాగాలేదన్నారు కదా, బహుశా మీరు పెద్దవి తీసి చిన్నవి ఉంచారు. చాలామంది అలాగే చేస్తారు, చిన్నవాటితోనే జ్ఞాపకాలు ఎక్కువ కాబట్టి.

నా లెక్క ఒకటుంది: పిడికిలి కంటే చిన్న వస్తువుని ఓపెన్ షెల్ఫ్‌లో ఒంటరిగా పెట్టకూడదు. పెట్టాలంటే గుంపుగా, ఏదో ఒక హద్దు లోపల పెట్టాలి. పళ్లెం కావచ్చు, మూత లేని పెట్టె కావచ్చు, వెడల్పాటి గిన్నె కావచ్చు. హద్దు ఉంటే ఆ గుంపంతా కంటికి ఒకే వస్తువు.

ఒక ఇంట్లో ఇలాగే 43 చిన్న బొమ్మలు ఉండేవి. ఆ ఇంటావిడ వెళ్లిన ప్రతి చోటినుంచీ ఒకటి తెచ్చుకున్నారు. అయిదు అరల మీదా వరసగా, సమాన దూరంలో, క్లాసులో పిల్లల్లా నిలబెట్టారు. ఒక్కటి తీద్దామన్నా ఆవిడ మొహం చిన్నబోయింది, నాకూ మనసొప్పలేదు. చివరికి ఏం చేశామంటే, చెక్కతో గళ్లు గళ్లుగా ఉన్న లోతులేని పెట్టె ఒకటి చేయించి, నల్లగా రంగు వేసి, 43 బొమ్మల్నీ అందులో గడికొకటి చొప్పున అమర్చి, కూర్చున్నవాళ్ల కంటి ఎత్తుకి ఒకే అరలో నిలబెట్టాం. మిగతా నాలుగు అరలూ ఊపిరి పీల్చుకున్నాయి. ఒక్క బొమ్మా పోలేదు. ఇంటికొచ్చినవాళ్లు ఇప్పుడు నేరుగా ఆ పెట్టె దగ్గరికే వెళ్లి, వంగి, ఒక్కోటీ చూసి అడుగుతున్నారట. ముందు ఎవరూ అడిగేవాళ్లు కాదట. ఇది చెప్తూ ఆవిడ పడిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇక సర్దే వరస. అన్నీ దించాక నేల మీద మూడు కుప్పలు చేయండి: పుస్తకాలు ఒకటి, పిడికిలి కంటే పెద్దవి ఒకటి, చిన్నవి ఒకటి. ఖాళీ షెల్ఫ్‌ని తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. పెద్దవాటిలోంచి అన్నిటికంటే పెద్దవి నాలుగైదు ఎంచండి, పొడుగు కూజా, పెద్ద ఫ్రేము, వెడల్పాటి గిన్నె లాంటివి. వాటిని ముందు పెట్టేయండి, ఒకదాని నెత్తిన ఒకటి వచ్చేలా కాకుండా ఐమూలగా. పై అరలో ఎడమ పక్కన ఒకటి పెడితే కింది అరలో కుడివైపుకి జరగాలి. ఇవి గుంజల్లాంటివి. మిగతావన్నీ వీటిని ఆనుకుని వస్తాయి. తర్వాత పుస్తకాలు. చిన్నవి ఆఖరున, అదీ చోటుంటేనే.

ఒక్క అరని దగ్గరగా చూపిస్తాను, ఊరికే సూత్రాలు చెప్తే సరిగ్గా అర్థం కాదు. ఎత్తు 35 సెంటీమీటర్లు, పొడవు 120 అనుకోండి. ఎడమ చివర తొమ్మిది పది పుస్తకాలు నిలువుగా, పొడుగువి చివరకి, పొట్టివి లోపలికి. వాటిని ఆనించి మూడు పెద్ద పుస్తకాలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. ఆ దొంతర మీద ఒక కొయ్య గిన్నె. గిన్నె దొంతరకి సరిగ్గా నడిమధ్యలో వద్దు, ఓ రెండు వేళ్లు పక్కకి జరగాలి. ఆ పక్కన ఒక జానెడు ఖాళీ. కుడివైపు, వెనక పలకకి ఆనించి ఒక ఫొటో ఫ్రేము. దాని ముందు, కింది మూలని కొంచెం కప్పుతూ, నున్నటి మట్టి కూజా ఒకటి. కూజా ఫ్రేములో పావు వంతుకి మించి కప్పకూడదు, మొహాలు అసలే కప్పకూడదు. అక్కడినుంచి కుడి చివరదాకా ఖాళీ. అంతే. కూజా ఫ్రేముని కప్పే ఆ కొద్దిపాటి చోటే అరకి లోతు తెస్తుంది. అన్నీ ఒకే గీత మీద నిలబెడితే కన్ను ఎడమ నుంచి కుడికి జారిపోతుంది, ఎక్కడా ఆగదు.

మూడు వస్తువుల గుంపు బాగుంటుందని, బేసి సంఖ్యలో పెట్టాలని చదివే ఉంటారు. అది నిజమే కానీ సంఖ్య కంటే ఎత్తుల తేడా ముఖ్యం. ఒకే ఎత్తున్న మూడు జాడీలు పక్కపక్కన పెడితే బేసి సంఖ్యైనా ప్రాణం ఉండదు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే రెండే వస్తువులైనా చక్కగా నిలబడతాయి.

ఖాళీ గురించి ఇంకో మాట. మూడో వంతు వదలమంటే ప్రతి అరలోనూ కొలిచి మూడో వంతు వదిలేవాళ్లున్నారు. అలా వద్దు. ఒక అర దాదాపు నిండా పుస్తకాలుండొచ్చు, దాని కింద అరలో రెండే వస్తువులు ఉండొచ్చు. ఖాళీ కూడా ముద్దగా, ఒక చోట కనిపించాలి. అక్కడక్కడా వేలెడు వేలెడు ఖాళీలు సోఫాలోంచి కనిపించవు.

సర్దాక ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ఇంత తేలికైన పరీక్ష ఇంకోటి లేదు. రంగులు పోగానే ముదురువన్నీ ఒక మూల పోగుపడ్డాయా, ఏ అర బరువుగా ఉంది, ఏది తేలికగా ఉందన్నది ఇట్టే తెలిసిపోతుంది. ముదురుగా, బరువుగా కనిపించేవి కింది అరల్లోకి దించితే షెల్ఫ్ మొత్తం నిలకడగా కనిపిస్తుంది. సోఫాలో కూర్చున్నప్పుడు కళ్లు నేలకి దాదాపు 100 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. మీకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఆ ఎత్తుకి దగ్గరున్న అరలో పెట్టండి. నడుచుకుంటూ వెళ్లేటప్పుడు చూసే నడవాలో అయితే లెక్క మారుతుంది, అక్కడ 150 దగ్గర పెట్టాలి.

పుస్తకాల దగ్గర కాసేపు ఆగుతాను, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. రంగుల వారీగా సర్దడం ఫొటోల్లో బాగుంటుంది. రోజూ చదివేవాళ్ల ఇంట్లో నిలవదు. ఒక రిటైరయిన మాస్టారి ఇంట్లో, వాళ్లమ్మాయి కోరిక మీద, ఆయన పుస్తకాలన్నీ రంగుల వారీగా సర్దిపెట్టాను. రెండు వారాలకి ఆయనే ఫోన్ చేశారు. "అమ్మా, చూడ్డానికి బాగుంది గానీ నా పుస్తకం నాకు దొరకట్లేదు" అన్నారు. మర్నాడే వెళ్లి ఆయన చెప్పిన వరసలోకి మార్చేశాను. అప్పటినుంచి చదివే పుస్తకాలని చదివేవాళ్ల వరసలోనే ఉంచి, ఆ గుంపు లోపల మాత్రమే ఎత్తులు చూసుకుంటున్నాను. పుస్తకాన్ని వెతుక్కోవాల్సి వస్తే ఆ సర్దుడు తప్పే.

వెన్నులు గోడవైపు తిప్పి, కాగితం అంచులు బయటికి కనిపించేలా పెట్టడం కూడా కొంతమందికి నచ్చుతోంది. వందల ఏళ్ల కిందట గ్రంథాలయాల్లో అలాగే పెట్టేవారు. పుస్తకాన్ని షెల్ఫ్‌కి గొలుసుతో కట్టేవారు, గొలుసు అట్ట ముందు అంచుకి ఉండేది, అందుకని ఆ అంచు బయటికి ఉండక తప్పేది కాదు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్ కెథెడ్రల్ అనే పెద్ద చర్చిలో ఆ గొలుసుల గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. మీ ఇంట్లో గొలుసులు లేవు. పుస్తకం పేరు కనిపించనివ్వండి.

పుస్తకాల్ని వెనక్కి తోసేయకండి. అన్నిటి వెన్నులూ అర అంచుకి రెండు మూడు సెంటీమీటర్ల లోపల ఒకే గీత మీదికి లాగండి. దూరం నుంచి శుభ్రంగా కనిపిస్తుంది, వెనక గాలి ఆడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే ఉంటే కాగితానికి బూజు పట్టే ప్రమాదం ఉంది కాబట్టి బయటి గోడకి ఆనిన షెల్ఫుల్లో ఆ ఖాళీ చాలా అవసరం. పక్కకి వాలిపోయే పుస్తకాల వెన్ను మెలితిరుగుతుంది. చివర ఏదో బరువైనది ఆనించండి. మరీ పెద్ద పుస్తకాలు పడుకోబెట్టడమే మంచిది, కాకపోతే దొంతర మూడు నాలుగు దాటకూడదు, దాటితే అడుగుదాన్ని ఎవరూ తీయరు.

ఇప్పుడు మీరు అడగని విషయం, కానీ నన్ను కంగారు పెట్టిన విషయం: మీ 120 సెంటీమీటర్ల అర. పుస్తకాలు నిండుగా పెడితే మీటరు పొడవుకి 20 నుంచి 40 కిలోల బరువు ఉంటుంది. రెండు చివర్లా మాత్రమే ఆధారం ఉన్న పలక అంత బరువుకి నడుమ వంగుతుంది. ఎంత వంగుతుందనేది పొడవుతో పాటు నెమ్మదిగా పెరగదు. పుస్తకాల వరస అలాగే ఉండి, పొడవు రెట్టింపైతే వంపు 16 రెట్లవుతుంది. 90 సెంటీమీటర్ల దగ్గర ఆగాల్సింది 120 చేయిస్తే వంపు మూడు రెట్లు దాటుతుంది. ఐకియా వాళ్ల బిల్లీ బుక్‌షెల్ఫ్ 1979 నుంచి వస్తోంది, దాని వెడల్పు 80 సెంటీమీటర్లు. ఇంకా వెడల్పు కావాలంటే పక్కన మరోటి పెట్టుకోవాల్సిందే. మందం ఎంత మేలు చేస్తుందంటే, 18 మిల్లీమీటర్ల పలక బదులు అదే రకం 25 మిల్లీమీటర్లది వేస్తే వంపు మూడో వంతుకి కాస్త పైన దగ్గర ఆగుతుంది. ప్లైవుడ్ కంటే పార్టికల్ బోర్డు (చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పలక) ఎక్కువ వంగుతుంది, పైగా బరువు అలాగే ఉంటే నెలలు గడిచేకొద్దీ ఇంకా ఇంకా దిగుతుంది.

ఇది అందానికి సంబంధం లేని విషయం అనుకోకండి. అర నడుమ కుంగితే మీరెంత బాగా సర్దినా సోఫాలోంచి అలసిపోయినట్టు కనిపిస్తుంది. అర ముందు అంచుకి ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి లాగి, మధ్యలో ఎంత సందు వచ్చిందో చూడండి. మీటరుకి సుమారు 2 మిల్లీమీటర్లు దాటితే కంటికి తెలిసిపోతుంది. మందు రెండు రకాలు. ఒకటి, నడుమ నిలువు పలక వేయించడం. 120 కాస్తా రెండు 60లు అవుతుంది, వంపు పదహారో వంతుకి పడిపోతుంది. పలక కిందినుంచి పై వరకూ అన్ని అరల్లోనూ ఒకే వరసలో రావాలి, లేకపోతే పై అర బరువు కింది అర నడుమ మీద పడుతుంది. రెండోది, అర ముందు అంచు కింద 40 మిల్లీమీటర్ల ఎత్తు గట్టి చెక్క పట్టీ కొట్టించడం. దూరం నుంచి పలక మందంగా కనిపిస్తుంది, షెల్ఫ్‌కి హుందాతనం వస్తుంది, వంపూ తగ్గుతుంది. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఈలోగా బరువైన పుస్తకాలు రెండు చివరలకి పెట్టి, నడుమ తేలికవి ఉంచండి.

ఇంకో ముఖ్యమైన విషయం, దీనికి మినహాయింపు లేదు. నేల మీద నిలబెట్టిన పొడుగు షెల్ఫ్‌ని పై భాగంలో గోడకి బిగించి తీరాలి. చిన్నపిల్లలు అరల్ని మెట్లనుకుని ఎక్కుతారు, షెల్ఫ్ ముందుకి ఒరిగి మీద పడుతుంది. రెండు ఎల్ ఆకారపు క్లాంపులు, గోడ రకానికి తగిన ప్లగ్గులు, మరలు చాలు. సామాన్లు పెట్టకముందే ఈ పని చేయించండి.

వెలుతురు సంగతి. షెల్ఫ్‌లో ఎల్ఈడీ పట్టీ పెట్టాలంటే పై పలక అడుగున ముందు అంచు వైపు, వెలుగు లోపలికి పడేలా పెట్టించండి. అప్పుడు వస్తువుల మొహాల మీద వెలుగు పడుతుంది. వెనక అంచున పెడితే గోడ వెలుగుతుంది, వస్తువులు నల్లటి నీడల్లా మిగులుతాయి. రంగు 2700 నుంచి 3000 కెల్విన్ల మధ్య, అంటే పసుపు ఛాయ ఉన్న వెచ్చటి వెలుగు, పైన పాలరంగు మూత ఉండాలి, లేకపోతే చుక్కలు చుక్కలుగా కళ్లలో పడతాయి.

ఎండ వేరే సంగతి. మా ఇంట్లోనే కిటికీ పక్క షెల్ఫ్‌లో మా నాన్న ఫొటో పెట్టాను, మధ్యాహ్నం ఓ గంట నేరుగా ఎండ పడే చోటు. నాలుగేళ్లకి చొక్కా రంగు పోయింది, మొహం పాలిపోయింది. దానికి ఇంకో ప్రతి లేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అందుకే అందరికీ చెప్తున్నాను, పాత ఫొటోలకి స్కాన్ తీయించి ప్రతిని షెల్ఫ్‌లో పెట్టండి, అసలుది చీకట్లో, పొడి చోట దాచుకోండి. మ్యూజియాల్లో కాగితం, బట్ట లాంటివాటి మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) దాటకుండా చూసుకుంటారు. నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. పుస్తకాల వెన్నుల మీద ఎరుపు, పసుపు ముందు పోతాయి, నీలం మిగిలిపోతుంది. కిటికీ అద్దానికి అతినీలలోహిత కిరణాలని ఆపే ఫిల్మ్ వేయిస్తే కొంత ఆలస్యమవుతుంది, పూర్తిగా ఆగదు. కిటికీ పక్క అరలో మట్టివి, రాతివి, లోహంవి పెట్టండి. వాటికి ఎండతో బెంగలేదు.

మొక్కలు రెండూ ఉండనివ్వండి, కానీ నీళ్లు అక్కడే పోయకండి. కుండీని దించి, సింకులో పోసి, నీరంతా ఓడ్చాక పెట్టండి. కుండీ కింద సాసరు తప్పనిసరి. పార్టికల్ బోర్డులోకి ఒకసారి నీళ్లు దిగి ఉబ్బితే మళ్లీ మామూలవదు. మనీ ప్లాంట్ తీగ అయితే పై అరలో చివర పెట్టి కిందికి వేలాడనిస్తే, నిలువు గీతల మధ్య ఆ వంపు ఎంత అందంగా ఉంటుందో.

వెనక గోడ, వస్తువులు రెండూ లేత రంగువైతే ఏదీ తేలదు. వెనక పలకకి మాత్రం గోడ కంటే రెండు మెట్లు ముదురు రంగు వేయించండి. మీరు ఏదైనా ఖర్చు పెట్టాలనుకుంటే దీని మీద పెట్టమంటాను.

వైర్లు, రిమోట్లు, చార్జర్లు, మందుల డబ్బాలు ఓపెన్ అరల్లో ఎలా పెట్టినా బాగోవు. అన్నిటికంటే కింది అరలో ఒకే రకం మూత పెట్టెలు మూడు వరసగా పెట్టి వాటిలో వేసేయండి. అర లోతులో ఆ పెట్టెలు పూర్తిగా దూరేలా ముందే కొలుచుకోండి, రెండు సెంటీమీటర్లు బయటికి పొడుచుకొచ్చినా కాలికి తగులుతాయి.

ఇక బహుమతులు. "తీసేస్తే ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారేమో" అని చివర్లో రాశారు. మీకు నచ్చినవి ఏ మొహమాటమూ లేకుండా విడదీయండి. ఆ నచ్చినవాటిలో ఈసారి అయిదారే షెల్ఫ్ ఎక్కుతాయి. మిగతావి మెత్తటి గుడ్డలో చుట్టి, ఒక పెట్టెలో పెట్టి, పెట్టె మీద లోపలేమున్నాయో రాసి అటక మీద పెట్టండి. నాలుగు నెలలకోసారి దుమ్ము దులపడానికి ఎలాగూ అన్నీ దించుతారు, అప్పుడు ఓ మూడు వెనక్కి పంపి మూడు పైకి తెచ్చుకోండి. నచ్చనివాటిని మాత్రం ఆ పెట్టెలో వేయకండి, అవి పనికొచ్చే ఇల్లు ఎక్కడో ఉంటుంది, అక్కడికి చేర్చండి.